రుచి చూడని పండుగప్ప

ఈ మధ్య ఫిషింగ్ గైడ్ అవుదామనుకునే పిల్లలు మలేషియాలో, తెలుక్ ఇంటాన్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. టోపీ, నల్లద్దాలు, పదహారు జేబుల చొక్కా అన్నీ ముందే కొనేసుకుని మరీ వస్తారు. చెరువు గురించి తెలియడం ఒక్కటే తక్కువ. "అంకుల్, చేప ఎక్కడుందో ఎలా కనిపెడతారు?" అని అడుగుతారు. నీళ్ళలో ఉంటుంది నాయనా అంటే నవ్వుతారు. నవ్వండి గానీ, కస్టమర్లలో సగం మందికి అంత మాత్రం కూడా తెలియదని నా అనుభవం.

ఇరవై ఆరేళ్ళు ఈ పని చేశాను. మా పేరాక్‌లో తగరం గనులు మూతబడ్డాక ఆ గోతుల్లో నీళ్ళు నిలిచి పెద్ద పెద్ద చెరువులయ్యాయి. అలాంటి ఒక చెరువు ఒడ్డున ఒకాయన చెక్క ఇళ్ళు కట్టి, వాటికి చాలెట్లని పేరు పెట్టి, కౌలాలంపూర్ నుంచీ సింగపూర్ నుంచీ వచ్చే ఆఫీసు మనుషుల్ని దింపేవాడు. వాళ్ళను తెల్లారేసరికి బోటెక్కించి, పండుగప్ప దొరికే చోటికి తీసుకెళ్ళి, దొరికితే ఫోటో తీసి, దొరక్కపోతే వాతావరణాన్ని తిట్టి ఒడ్డుకు చేర్చడం నా ఉద్యోగం. పండుగప్పను ఇక్కడ సియాకాప్ అంటారు. ఏ పేరుతో పిలిచినా పలకదు.

మా తాత ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఎస్టేట్‌లో రబ్బరు చెట్లు గీశాడు. మా నాన్న అదే ఎస్టేట్‌లో పామాయిల్ గెలలు కోశాడు. వాళ్ళిద్దరికంటే నాది సుఖమైన పని అని మా ఇంట్లో అందరి అభిప్రాయం, కూర్చుని చేసేది కాబట్టి. ఎప్పుడు చేరాను, ఎప్పుడు హెడ్ గైడ్‌నయ్యాను, లైసెన్సుకు ఎన్ని కాగితాలు కావాలి, ఇవేవీ ఇక్కడ చెప్పను. అవి నాకే పనికిరాలేదు, మీకేం పనికొస్తాయి? పనికొచ్చేది నేను చేసిన ఒక తప్పు. దానితో మా బావ ఎర్రయ్య బతుకు తలకిందులైంది. అది అర్థం కావాలంటే ముందు మా బాస్ గురించీ, నా తెలివితేటల గురించీ కొంచెం చెప్పాలి.

ఆకు రాలని దేశంలో ఆకురాలు కాలం

బాస్ పేరు గోపాల్. మా తెలుగాయనే. మా తాత చెట్లు గీసిన ఎస్టేట్‌లోనే ఆయన తాత కిరాణీ, అంటే నీడన కూర్చుని కూలీల హాజరు వేసే గుమాస్తా. మూడు తరాలు గడిచినా ఆయన "సింహాచలం" అని పిలిస్తే నాకు "ప్రెజెంట్ సార్" అనాలనిపించేది. నన్ను ఇంగ్లీషులో తిట్టేవాడు, తమిళంలో బుజ్జగించేవాడు. తెలుగును మాత్రం ఉగాది ఉపన్యాసానికి దాచుకునేవాడు.

ఒకసారి ఆయన సకుటుంబంగా యూరప్ తిరిగొచ్చాడు. అక్కడ చలి మొదలయ్యే ముందు, ఆకులు రాలే కాలంలో, జనం చెరువుల మీద పడి పెర్చ్ అనే చేపను వెతుకుతారట. అది చూసొచ్చిన ఉత్సాహంతో మా చెరువు గేటు దగ్గర పెద్ద బోర్డు కట్టించాడు. "ఆటమ్ పెర్చ్ సీజన్, అక్టోబరు, నవంబరు." చుట్టూ నారింజ రంగు ఆకులు. పండుగప్ప కూడా పెర్చ్‌లకు దూరపు చుట్టమేనని ఎవరో ఆయనకు చెప్పారు. ఇంకేం కావాలి?

నేను ఉండబట్టలేక, మన దగ్గర ఆకులు రాల్చేది రబ్బరు చెట్టొక్కటే, అదీ జనవరి దాటాక, అని మనవి చేశాను. కస్టమర్‌కి కావలసింది ఆకు కాదు, ఆ ఫీలింగ్ అని ఆయన సెలవిచ్చాడు. ఆ మరుసటి నెలే ఒక ఇంగ్లీషు పెద్దాయన, పాపం రిటైరైన బడిపంతులు, ఉన్ని స్వెట్టర్ తొడుక్కుని బోటెక్కాడు. పది నిమిషాల్లో చెమటతో తడిసి ముద్దయ్యాడు. ఆటమ్ ఎక్కడుంది అని మర్యాదగా అడిగాడు. బోర్డు వైపు చూపించాను.

న్యాయంగా చెప్పుకోవాలంటే, కాలం మాత్రం మంచిదే. ఎండలు ముదిరాక అక్టోబరులో సాయంత్రం వానలు మొదలవుతాయి. చెరువు మెల్లగా పెరుగుతుంది, గట్టు గడ్డి మునుగుతుంది, చిన్న చేపలు గడ్డిలోకి దూరతాయి, పెద్ద చేపలు వాటి వెనక వస్తాయి. బాస్ తప్పు కారణంతో సరైన నెల చెప్పాడు. ఈ వృత్తిలో చాలామంది పేరు తెచ్చుకున్నది ఇలాగే.

వెతకడం అనే నాటకం

చేరిన కొత్తలో ఒక బ్యాంకు మేనేజర్‌ను నేరుగా చేపలున్న చోటికి తీసుకెళ్ళాను. పది నిమిషాల్లో మూడు పండుగప్పలు పట్టాడు. సంతోషిస్తాడనుకున్నాను. ముఖం ముడుచుకుని, ఇంతేనా అన్నాడు. ఆ రోజు నాకు జ్ఞానోదయమైంది. కస్టమర్‌కు చేప కాదు, వేట కావాలి. చేప కావాలంటే మార్కెట్లో ఉంది కదా.

అప్పటినుంచి గంటసేపు నాటకం ఆడేవాణ్ణి. చెరువు మధ్యలో ఇంజను ఆపి గాలి వాసన చూసేవాణ్ణి. నీళ్ళలో చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపేవాణ్ణి. కొంగ ఎగిరితే, అదిగో, అని ఊరుకునేవాణ్ణి. ఏది అదిగో అని ఒక్కడూ అడగలేదు. తర్వాత బాస్ సోనార్ పెట్టె కొన్నాడు. అందులో చేప కనబడుతుందని ఆయన, కనబడేది మునిగిన దుంగ అని నేను. కస్టమర్లు ఆ దుంగకు రెండు గంటలు భక్తిగా ఎర వేసేవాళ్ళు. అది ఎప్పుడూ కదల్లేదు గనక చాలా పెద్ద చేప, చాలా తెలివైన చేప అని పేరు తెచ్చుకుంది.

అసలు రహస్యం ఇప్పుడు చెప్పేస్తాను, రిటైరయ్యాను కదా. మా చెరువులో పండుగప్ప ఉండేది ఒకే చోట, తూర్పు మూల, ఎర్రయ్య బావ బోనుల కింద.

ఎర్రయ్య బావ నా భార్య రమణమ్మకు అన్న. ఎస్టేట్ అమ్మేసి ఇళ్ళ స్థలాలు వేసినప్పుడు పనీ ఇల్లూ రెండూ పోయాయి. ఊళ్ళో అందరూ ఫ్యాక్టరీకి పొమ్మన్నారు. ఆయన వెళ్ళలేదు. ఉన్నదంతా ఊడ్చి నాలుగు వల బోనులు కట్టి చెరువులో దింపాడు. వేలెడు పండుగప్ప పిల్లల్ని తెచ్చి వాటిలో వేసి, ఏడాదంతా మేపి, చీనా కొత్త సంవత్సరానికి అమ్మేవాడు. ఆ పండక్కి ప్రతి చీనా ఇంట్లో బల్ల మీద ఆవిరి పట్టిన నిండు చేప ఉండాల్సిందే. ఏడాదికి ఒక్క పంట. అది చేతికొస్తే ఇల్లు గడుస్తుంది, రాకపోతే లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ పంట బోనుల్లో నిండుగా ఎదిగి ఉండేది.

వల చిరిగి తప్పించుకున్న చేపలు దూరం పోయేవి కావు. జారిపడే మేత కోసం బోనుల కిందే తిరిగేవి. మా బోర్డు మీది అడవి పెర్చ్ అదే, మా బావ ఇంటినుంచి పారిపోయిన సంతానం. అవి కూడా ఎక్కడ చెదిరిపోతాయోనని బాస్ రోజూ తెల్లవారుజామున ఆ మూల ఒక బకెట్ మేత పొయ్యమన్నాడు. తర్వాత రెండు బకెట్లయ్యాయి. పోసేది నేనే, గంట తర్వాత గాలి వాసన చూసి కనిపెట్టేదీ నేనే. అంత మేత దేనికి బావా, నీళ్ళు పాడవుతాయి అని ఎర్రయ్య బావ రెండుసార్లు అన్నాడు. బాస్ తానా అన్నాడు, నేను తందానా అన్నాను.

కార్తీకం

ఇప్పుడు మా వాళ్ళ సంగతి. దీపావళి వెళ్ళిన మర్నాడు కార్తీకం మొదలైతే మా ఇంట్లో చేపల దాక అటకెక్కుతుంది. తమిళ మిత్రులకు పురట్టాసి నెల ఉపవాసం అప్పుడే అయిపోయి, వాళ్ళు ఆవురావురుమంటూ చేపల మీద పడే సమయానికి మేం మానేస్తాం. నేనేమీ పరమభక్తుణ్ణి కాను. నా నిష్ఠ అంతా రమణమ్మ ముక్కు. పెళ్ళైన కొత్తలో ఒక కార్తీక సోమవారం ఎవరో పెడితే చేప వడ ఒకటి తిన్నాను. గేటు తీసేలోపే పసిగట్టింది. వాకిట్లో కుళాయి కింద చొక్కాతో సహా స్నానం చేయించి గానీ లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను మళ్ళీ తప్పలేదు.

కాబట్టి నా వృత్తి జీవితంలోని వింత ఇది. సీజన్ మధ్యలో, పండుగప్ప బాగా కొవ్వు పట్టే నెలలో, నేను దాన్ని ఒక్క ముక్క తినేవాణ్ణి కాను. కానీ కస్టమర్లతో, ఈ నెల చేప వెన్నలా కరుగుతుంది సార్ అని ఒట్టేసి చెప్పేవాణ్ణి. పెంచేవాడు తినడు, చూపించేవాడు తినడు. ఇద్దరం కలిసి గ్యారంటీ మాత్రం ఇచ్చేవాళ్ళం.

ఎర్రయ్య బావకు ఇది నవ్వులాట కాదు. మిగతా పదకొండు నెలలూ ఆయన వారానికి ఒక చేప తన బోనులోంచి తీసి వండించుకుని తినేవాడు. ఆకలికి కాదు, పరీక్షకు. నీళ్ళు పాడయ్యే ముందు చేప ఒంట్లో మన్ను వాసన చేరుతుంది. నీళ్ళను చూస్తే తెలియదు, నాలుకకు తెలుస్తుంది. ఒక ఏడు జూన్ నెలలో అలాగే వాసన పట్టి, చేపలు చిన్నవైనా సరే రెండు రోజుల్లో సగం అమ్మేసి, మిగతావాటిని హుటాన్ మెలింటాంగ్ వైపు తెలిసినవాళ్ళ మడుగులోకి తరలించాడు. వారం తిరక్కుండా చెరువులో చేపలు తేలాయి. బావ పంట దక్కింది.

కార్తీకంలో మాత్రం ఆ పరీక్ష లేదు. అందుకని ఆ నెల రోజూ పొద్దున బోటు దగ్గరికొచ్చి నన్నే అడిగేవాడు.

"బావా, నిన్న తిన్నోళ్ళు ఏటన్నారు?"

"బాగుందన్నారు బావా" అనేవాణ్ణి. ఇంతే. ఆయన నాలుగు బోనులూ ఆ ఒక్క మాట మీద నిలబడేవి. నేను ఆ మాటను గుడ్ మార్నింగ్‌లాగా చెప్పేసేవాణ్ణి.

మన్ను వాసన

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. దీపావళి దాటినా ఎండ మాడ్చేసింది. చెరువు పచ్చబడింది, నీళ్ళు చిక్కబడ్డాయి. చెయ్యి ముంచితే గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ మిగిలేది. ఎండకు పచ్చబడటం మామూలే, రుచి మారనంత వరకు భయం లేదు అన్నాడు ఎర్రయ్య బావ. ఫోటోల్లో ఆ రంగు బ్రహ్మాండంగా ఉందని బాస్ మురిసిపోయాడు. ఇది ఈ చెరువు సహజ వర్ణం అని నేను కస్టమర్లకు వివరించాను. వర్ణం అనే మాట కూడా వాడాను, సిగ్గు లేకుండా.

ఇపో నుంచి వచ్చిన ఒక చీనా ఆంటీ, చేప వండుకుని తిని, మట్టి వాసన వచ్చిందని చెప్పింది. ఆవిడ ఇంకా ముగించకముందే నా నోరు పని మొదలెట్టింది. చెరువు చేపకు అది ఉంటుంది మేడమ్, చింతపండు ఎక్కువ వేయండి అన్నాను. ఫిర్యాదు చెవికి చేరకముందే నోటితో సమాధానం చెప్పేయడం నేను ఈ వృత్తిలో నేర్చుకున్న గొప్ప విద్య. మీరు నేర్చుకోకండి.

ఆ వారం ఆదివారం మా అమ్మాయి సుజాత వచ్చింది. బంటింగ్‌లో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సెలవు దొరికితే వస్తుంది. నన్ను ఇంటికి తీసుకెళ్దామని కారేసుకుని చెరువు దగ్గరికి వచ్చి, నేను బోటు కట్టేదాకా చాలెట్ల దగ్గర కూర్చుంది. అక్కడ చేప కాలుస్తున్న కస్టమర్లు ఒక ముక్క ఇచ్చారు, తినేసింది. కారెక్కాక తనే చెప్పింది, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

"నాన్నా, ఆ సియాకాప్ బాలేదు లా. వట్టి మన్ను వాసన. ఉమ్మేసినా."

నాకు వినబడింది వేరు. "కార్తీకంలో సేప తిన్నావేటి?" అన్నాను.

"ఒక్క ముక్కే నాన్నా. నాన్ సొల్రద కేళుంగ, ఆ సేప..."

కోపమొస్తే దానికి తెలుగు చాలదు, తమిళంలోకి దిగుతుంది. నేను చెప్పేది వినండి అంటోంది. నేను వినలేదు. చెరువు దగ్గర్నుంచి ఇంటిదాకా ఒకటే వాయించాను. ఓడెక్కి వచ్చిన ముత్తాతను తెచ్చాను, వాళ్ళమ్మ ఉపవాసాలు తెచ్చాను, ఇవాళ చేప తిన్నదానివి రేపు ఏం చేస్తావో అని కూడా అన్నాను. రేపు బంటింగ్ పోయి డ్యూటీ చేస్తుంది, ఇంకేం చేస్తుంది? అది ఇంక నోరెత్తలేదు. రాత్రి ఉండకుండానే వెళ్ళిపోయింది. తల్లికి కారణం చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

సోమవారం పొద్దున ఎర్రయ్య బావ బోటు దగ్గరికి వచ్చాడు. రోజూలాగే అడిగాడు.

ఇక్కడ నేను ఆగాను. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. మన్ను వాసన అంటే ఆయనకు ఏమిటో నాకు తెలుసు. సుజాత మాట గొంతు దాకా వచ్చింది. కానీ చెబితే, ఎవరు తిన్నారని అడుగుతాడు. కార్తీక మాసంలో మేనకోడలు చాలెట్ల దగ్గర పరాయివాళ్ళతో కూర్చుని చేప తిన్నదని మేనమామకు నా నోటితో చెప్పాలి. దాన్ని చేతుల్లో ఎత్తుకు తిరిగినవాడు ఆయన. పేరు చెప్పకుండా ఆ చీనా ఆంటీ మాట చెప్పవచ్చు కదా అని మీరంటారు. నేనూ తర్వాత వెయ్యిసార్లు అనుకున్నాను. ఆ పూట నా బుర్రకు పరువు తప్ప ఇంకేమీ తట్టలేదు.

"బాగుందన్నారు బావా" అన్నాను.

ఆయన తలూపి బోనుల వైపు వెళ్ళిపోయాడు.

చేపను వెతకక్కర్లేని రోజు

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. మంగళవారం అంతా సూర్యుడు లేడు, సన్నగా తుంపర. చివరికి వాన వచ్చిందని అందరం సంబరపడ్డాం. బుధవారం తెల్లారి బోటు తీసేసరికి తూర్పు మూల నీళ్ళు ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. పండుగప్పలు వందల్లో పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎర అక్కర్లేదు, గాలం అక్కర్లేదు. నా కస్టమర్లు, సింగపూర్ నుంచి వచ్చిన ముగ్గురు, చేతివలతో తోడుకున్నారు. బాస్ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తన జీవితంలో ఇంత గొప్ప ఆటమ్ చూడలేదన్నాడు. రెండు చేతుల్లో రెండు చేపలు పట్టుకుని నేను ఆ ఫోటోలో నవ్వుతున్నాను. ఆ ఫోటో చాలా కాలం చాలెట్ల గోడ మీద ఉండేది.

చేపలు నన్ను వెతుక్కుంటూ వచ్చాయని నేను అనుకున్నాను. అవి గాలి కోసం వచ్చాయి.

ఎర్రయ్య బావకు చూడగానే తెలిసింది. ఒక పంపు ఉంటే దాన్ని ఒక బోనులో పెట్టాడు. ఇంకో బోనులో తనే దిగి కాళ్ళతో నీళ్ళు చిమ్మాడు. నేను కస్టమర్లను ఒడ్డున వదిలేసి వెళ్ళి, బకెట్లతో నీళ్ళు ఎత్తి పోశాను. అదే బకెట్లతో, అదే మూల. పదింటికి మొదటి బోనులో తెల్లటి పొట్టలు తేలాయి. మధ్యాహ్నానికి నాలుగూ తెల్లబడ్డాయి. చీనా పండక్కి ఇంకా రెండు నెలలుంది.

తర్వాత చేపల శాఖ నుంచి ఒకమ్మాయి వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుని వివరంగా చెప్పింది. ఎండకు, మిగిలిపోయిన మేతకు నీళ్ళలో సన్నని పాచి పుట్టి పెరుగుతుందట. చేపకు మట్టి వాసన దానివల్లే. మబ్బు పడితే ఆ పాచి చచ్చి కుళ్ళుతుంది, కుళ్ళేటప్పుడు నీళ్ళలోని గాలినంతా లాగేస్తుంది. రోజూ ఎంత మేత పడుతుంది ఇక్కడ అని అడిగింది. బాస్ నా వైపు చూశాడు. నేను నా కాళ్ళ వైపు చూశాను.

బావ అడిగిన ప్రశ్న

గుంటలు తవ్వి చేపల్ని పూడ్చేసరికి గురువారం సాయంత్రమైంది. జెట్టీ చివర ఇద్దరం కూర్చున్నాం. నాకు ఊరుకుంటే ఊపిరాడేలా లేదు. చెప్పేశాను. సుజాత తిన్న సంగతి, అది చెప్పిన మాట, సోమవారం నేను దాచిన మాట.

బావ కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"ఆదివారం సెప్పిందా?"

"ఆదివారం."

"సోమవారం నాకు సెప్పుంటే సగం ఒడ్డెక్కించుందును బావా." ఆ మాట ఆయన కోపంగా అనలేదు. మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. నా వైపు తిరిగాడు.

"సేప తిన్నాదని దాన్ని తిట్టినావా?"

"తిట్టినాను."

"మనందర్లో నాలుకున్నది దానికొక్కదానికే. దాన్నే తిట్టినావు."

నేను ఏడ్చాను. యాభై దాటినవాణ్ణి, బాస్ చూస్తున్నాడని కూడా తెలుసు. ఆ రాత్రి సుజాతకు ఫోను చేసి, నువ్వు చెప్పిందే నిజమైంది, నాదే తప్పు అన్నాను. అది మాత్రం, మామ అన్నం తిన్నాడా అని అడిగింది.

ఎర్రయ్య బావ మళ్ళీ బోనులు దింపలేదు. చేతిలో ఏమీ మిగల్లేదు, దింపడానికి. తెలుక్ ఇంటాన్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. వచ్చేపోయే లారీలకు సెల్యూట్ కొడతాడు. వద్దన్న ఫ్యాక్టరీకే చివరికి నేను పంపించాను.

బాస్ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ అన్యాయమైపోతుంది. ఆ శనివారానికి ఒక గుంపు ముందే బుక్ చేసుకుంది. చెరువు ఇంకా కంపు కొడుతోంది. రద్దు చెయ్యండి సార్ అన్నాను. పడమటి వైపు తీసుకెళ్ళు, అక్కడ వాసన తక్కువ అన్నాడు. తీసుకెళ్ళాను. అవును, తీసుకెళ్ళాను. ఒక్క చేప లేని నీళ్ళలో రెండు గంటలు గాలి వాసన చూశాను, కొంగను చూపించాను, సోనార్‌లో దుంగను చూపించాను. దిగేటప్పుడు ఒకాయన నా చెయ్యి పట్టుకుని, చేప దొరక్కపోయినా చాలా నేర్చుకున్నాం అన్నాడు. ఆ రోజు పడినంత సిగ్గు నేను ఎన్నడూ పడలేదు. ఇక బాస్, బోర్డు మీద ఒక కొత్త లైను రాయించాడు. "పట్టిన చేపను వదిలేయండి, ప్రకృతిని కాపాడండి." పట్టడానికి చేప లేని చెరువు దగ్గర.

ఇప్పుడు

మేత బకెట్ నేను ఆ తర్వాత ముట్టుకోలేదు. ముట్టుకోకపోతే ఉద్యోగం పోతుందన్నాడు బాస్. పోలేదు. ఆ దుంగ ఎక్కడుందో నాకొక్కడికే తెలుసు కదా.

చెరువు తేరుకోవడానికి మూడు నాలుగేళ్ళు పట్టింది. ఇప్పుడు తూర్పు మూల వేరే ఎవరివో బోనులున్నాయి, ఇద్దరు మలాయి అన్నదమ్ములవి. కొత్త గైడ్లు వచ్చారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. చేపను కనిపెట్టడం వారంలో నేర్చుకుంటారు. సోనార్ చూడండి, గాలి వాసన చూడండి, కొంగను చూడండి, నాటకమూ ఆడండి, తప్పులేదు. కానీ చెరువులో నీళ్ళు ఎలా ఉన్నాయని ఎవరైనా అడిగితే, మీ నాలుక మీద పెట్టుకున్నదే చెప్పండి. పెట్టుకోకపోతే, తెలియదు అనండి. ఈ వృత్తిలో ఇరవై ఆరేళ్ళలో ఆ మాట నేను ఒక్కసారీ అనలేదు.

ఆ అన్నదమ్ములు బోనులు దింపినప్పటి నుంచి, కార్తీకంలోనూ మానకుండా, రిటైరయ్యాక కూడా, వారానికోసారి ఆ చెరువుకు వెళ్తున్నాను. బోనుల అన్నదమ్ములు ఒక చేప తీసిస్తారు. ఒడ్డున కాల్చి, ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, రుచి తెలిశాక ఉమ్మేసి, వాళ్ళకు చెబుతాను. పోయిన కార్తీకంలో ఎర్రయ్య బావ కూడా డ్యూటీ దిగి, యూనిఫాంతోనే వచ్చాడు. బోనులు తనవి కావు, చేపలు తనవి కావు. అయినా నాకంటే ముందు తనే ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలాడు. ఉమ్మలేదు, మింగేశాడు.

ఇద్దరం ఇంటికొచ్చేసరికి రమణమ్మ గేటు దగ్గర ఉంది. చేతిలో బకెట్, పక్కన కుళాయి. నేను అలవాటుగా చొక్కా గుండీలు తియ్యబోయాను. ఆవిడ నన్ను చూడలేదు. అన్న మొహంలోకి చూసింది.

"మన్ను వాసన ఉందేటి?" అని అడిగింది.

"లేదు" అన్నాడు బావ.

రమణమ్మ బకెట్ కింద పెట్టి, గేటు తీసి పక్కకు తప్పుకుంది.